నల్లరాతి నేల, ఖాళీ హాలు: ఒంగోలులో ఒక ఇంటి కేస్ స్టడీ

ఒంగోలులో ఉంటూ, కావలి నుంచి అద్దంకి దాకా ఇళ్ల లోపలి అలంకరణ పనులు చేస్తున్నాను. ఇక్కడ రాస్తున్నది రెండు విడతలుగా పని చేయాల్సి వచ్చిన ఒక ఇంటి సంగతి. మొదటి విడత ఫొటోల్లో చాలా బాగుంది. ఆ ఇంట్లో ఉండేవాళ్లకు మాత్రం పనికిరాలేదు. ఎందుకు పనికిరాలేదో పూర్తిగా అర్థం కావడానికి నాకు ఏడాది పట్టింది. మినిమలిస్ట్ శైలి (సామాను, అలంకరణ వీలైనంత తగ్గించే శైలి) కావాలని ఫోనులో బొమ్మలు చూపించేవారు ఇప్పుడు మన ఊళ్లలోనూ వస్తున్నారు కాబట్టి, ఇదే పనిలో ఉన్నవారికి అక్కరకు వస్తుందని వివరంగా రాస్తున్నాను. ఇంటివారి అనుమతి తీసుకున్నాను. వారిని గుర్తుపట్టగలిగే వివరాలు కొన్ని వదిలేశాను, కొన్ని మార్చాను.

ఇల్లు, ఇంటివారు

1990ల చివర్లో కట్టిన సొంత ఇల్లు. కింది అంతస్తు సుమారు 1,400 చదరపు అడుగులు. హాలు, వంటిల్లు, రెండు పడకగదులు, పూజగది, వంటింటి వెనక ఆరడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు ఉన్న కొట్టుగది. ఇంటి యజమాని ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయుడిగా రిటైరయ్యారు. ఆయనను మాస్టారు అనే రాస్తాను. ఆయన భార్యను నేను మొదటి రోజు నుంచీ పిన్నిగారు అనే పిలుస్తున్నాను. అబ్బాయి, కోడలు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నారు. పని అప్పజెప్పిందీ, డబ్బు పెట్టిందీ అబ్బాయే.

హాలు నేలంతా చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్. చిక్కటి నలుపులో బంగారు రంగు చుక్కలు. ఇల్లు కట్టేటప్పుడు మాస్టారు స్వయంగా చీమకుర్తి వెళ్లి పలకలు ఎంచి తెచ్చుకున్నారు. పాతికేళ్ల తర్వాత కూడా ఆ నేల మీద ఒక్క బీట లేదు.

నన్ను పిలిచిన కారణం

హాల్లో నడవడానికి దారి ఉంది, కూర్చోవడానికి చోటు లేదు. బొమ్మల షోకేసు, రెండు ఇనుప బీరువాలు, పాత దివాన్, దొంతర్లుగా ప్లాస్టిక్ కుర్చీలు, గోడ పొడవునా బియ్యం బస్తాలు, ఐదు క్యాలెండర్లు. రోజూ సాయంత్రం చుట్టుపక్కల పిల్లలు పన్నెండు మంది, పదిహేను మంది మాస్టారి దగ్గర లెక్కలు చెప్పించుకోవడానికి వస్తారు. ఆయన డబ్బు తీసుకోరు. హాల్లో చోటు లేక పిల్లలు వరండాలో దోమల మధ్య కూర్చునేవారు. నేను చేరడానికి రెండు నెలల ముందు, రాత్రి కరెంటు పోయినప్పుడు మాస్టారు బస్తా తగిలి పడ్డారు. మోకాలికి దెబ్బ తగిలింది. అబ్బాయికి భయం పట్టుకున్నది అప్పుడే.

"అమ్మ దేన్నీ పారేయనివ్వదండీ. మీరు డిజైన్ పేరు చెప్పి అంతా తీయించేయండి" అన్నాడు అబ్బాయి. తెల్లటి నేల, తెల్లటి గోడలు, పిడులు లేని అల్మారాలు, ఫాల్స్ సీలింగ్ ఉన్న నాలుగైదు ఫొటోలు పంపాడు. నేను ఆ మాటను ఆ మాటగానే తీసుకున్నాను. ఈ పనిలో జరిగిన పొరపాట్లలో సగానికి మూలం అదే.

మొదటి విడతలో సరిగ్గా తీసుకున్న నిర్ణయాలు

ముందు నేల సంగతి. గ్రానైట్ పగలగొట్టి తెల్ల టైల్స్ వేయమన్నాడు. నేను ఒప్పుకోలేదు. పాత పలకలు పెకిలిస్తే కింద వేసిన సిమెంటు పరుపు కూడా లేచిపోతుంది. పెకిలించకుండా గ్రానైట్ మీదే టైల్స్ అంటిస్తే నేల మట్టం పెరిగి ప్రతి తలుపూ కింద కోయాలి, గుమ్మాల దగ్గర ఎత్తుపల్లాలు వస్తాయి. మోకాలి దెబ్బ తిన్న మనిషి ఉన్న ఇంట్లో ఆ పని చేయకూడదు.

ఇవి పనికి సంబంధించిన కారణాలు. అసలు కారణం వేరు. మినిమలిజం అంటే తెలుపు అని ఎవరు చెప్పారో తెలియదు గానీ, ఆ మాట బాగా పాతుకుపోయింది. ఈ ఆలోచనకు పెద్దదిక్కుగా చెప్పుకునే జర్మన్ వాస్తుశిల్పి మీస్ వాన్ డెర్ రోహె 1929లో బార్సిలోనాలో కట్టిన పెవిలియన్‌లో (ప్రదర్శన మండపంలో) అలంకరణంటూ ఏమీ లేదు. కానీ ట్రావర్టైన్ రాయి, పచ్చటి పాలరాయి, తేనెరంగు ఓనిక్స్ గోడ ఉన్నాయి. అక్కడ రాయే అలంకరణ, దాన్ని చూడనివ్వడానికే మిగతాదంతా తగ్గించారు. ప్రపంచమంతా ఓడల్లో తెప్పించుకునే రాయి ఈ ఇంటికి ఇరవై చిల్లర కిలోమీటర్ల దూరంలో పుట్టింది, పాతికేళ్లుగా కాళ్ల కిందే ఉంది. బస్తాల కింద కనబడకుండా పోయింది, అంతే. ఈ మాట అబ్బాయికి ఫోనులో చెప్పి, ఆ పెవిలియన్ ఫొటో పంపాను. ఆ రాత్రికే ఒప్పుకున్నాడు.

నల్ల నేల వెలుతురును మింగేస్తుంది. అందుకని గోడలకు మంచు తెలుపు కాకుండా కొద్దిగా పసుపు కలిసిన పాలమీగడ రంగు, పైకప్పుకు మాత్రం పూర్తి తెలుపు వేయించాను. ఒక పక్క గోడకు అడుగు ఎత్తులో, నేలను రాసుకుంటూ వెలుతురు పడేలా 3000 కెల్విన్ దీపాలు, అంటే పసుపు వెలుతురువి, పెట్టాం. వెలుతురు పైనుంచి పడితే గెలాక్సీ రాయి ఉత్త నలుపులా కనబడుతుంది. పక్కనుంచి ఏటవాలుగా పడితే ఒక్కో చుక్కా విడిగా మెరుస్తుంది. దీపాలు వేసిన మొదటి సాయంత్రం మాస్టారు నేల మీద మఠం వేసుకుని కూర్చుని, అరచేత్తో రాయిని నిమిరి, "ఆ రోజు క్వారీలో ఎండలో ఇలాగే కనబడింది" అన్నారు.

ఫాల్స్ సీలింగ్ కూడా వద్దన్నాను. పదడుగుల పైకప్పులో అడుగు పోతే, ఫ్యాను కిందికి వస్తుంది లేదా కప్పుకు అతుక్కుపోతుంది. కప్పుకు మరీ దగ్గరగా ఉన్న ఫ్యాను పైనుంచి గాలి లాగలేదు. రోహిణీ కార్తెలో ఒంగోలు ఎండ తెలిసినవారికి ఇంతకంటే చెప్పనక్కర్లేదు.

తప్పిన నిర్ణయాలు

కొట్టుగది తీసేశాను. అందులో మూడు వైపులా కడప బండల అరలు ఉండేవి. వాటి మీద మసిబారిన డబ్బాలు, గోతాలు, ఇత్తడి సామాను. బండలు పీకించి, గోడకు రంగు వేసి, ఒక కుర్చీ, ఒక దీపం పెట్టి చదువుకునే గదిగా మార్చాను. దానికి బదులు వంటింట్లో ఎత్తయిన అల్మారా ఒకటి ఇచ్చాను. లోపల తీగ బుట్టలు, ఒక్కో బుట్టలో రెండేసి కిలోల పొట్లాలు పడతాయి. నగరంలో వారానికోసారి సరుకులు తెచ్చుకునే ఇంటికి అది చాలు. ఈ ఇంటికి ఏటా సొంత పొలం నుంచి పాతిక కిలోల బియ్యం బస్తాలు ఆరు వస్తాయి. కందులు చేతికొచ్చాక బంధువుల ఊరి నుంచి ఏడాదికి సరిపడా కందిపప్పు వస్తుంది. వేసవిలో ఆవకాయ, మాగాయ, గోంగూర జాడీలు దిగుతాయి. ఈ లెక్క నేను అడగలేదు. అడగాల్సిన మనిషి వంటింట్లోనే ఉన్నారు. నేను ఫోనులో బెంగళూరుతో మాట్లాడుతున్నాను.

రెండో తప్పు పడకగదిలో. ఉత్తరపు గోడకు నేల నుంచి కప్పు దాకా అల్మారా కట్టాం. గోడకు తాకించి, వెనక సందు లేకుండా. కొలతలు తీసుకున్నది మే నెలలో, గోడ ఎండి పెళపెళలాడుతున్నప్పుడు. మనకు ప్రధానంగా వాన పడేది ఈశాన్య రుతుపవనాల్లో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. తుపానులొచ్చేదీ అప్పుడే. బయటి ప్లాస్టరులో వెంట్రుకవాసి చీలికలు ఉన్నాయని, అందులోంచి నీరు లోపలికి దిగుతుందని కార్తీక మాసంలో తెలిసింది. అల్మారా తెరిస్తే ముక్క వాసన. పిన్నిగారి పట్టుచీరల మడతల్లో బూజు మచ్చలు. వాటిలో ఒకటి ఆవిడ పెళ్లి నాటి వెంకటగిరి చీర. డ్రై క్లీనింగుకు ఇస్తే మచ్చ తేలికపడింది, పోలేదు. ఆ చీర విషయంలో నేను ఏమి చేసినా తీరేది కాదు.

మూడోది పిడులు లేని తలుపులు. నొక్కితే తెరుచుకునే రకం. ఫొటోలో గోడలా నున్నగా కనబడతాయి. కానీ వంట చేసే మనిషి చేతులు తడిగా, పసుపుగా, నూనెగా ఉంటాయి. అరచేత్తో నొక్కితే తెల్లటి మ్యాట్ పలక మీద ముద్ర పడుతుంది. మోచేత్తో నొక్కితే పిన్నిగారికి భుజం నొప్పి. ఆవిడ తేలికైన మార్గం కనిపెట్టారు. పొద్దున్నే తలుపులన్నీ తెరిచిపెట్టి, రాత్రి పడుకునేటప్పుడు మూసేవారు.

చెప్పుకుంటే ఇంకా ఉన్నాయి. అయితే నేను అసలు ఊహించని దెబ్బ ఒకటి తగిలింది.

మాట వినపడని హాలు

మాస్టారికి రెండు చెవులకూ వినికిడి యంత్రాలున్నాయి. హాలు ఖాళీ అయ్యాక పిల్లలను సంతోషంగా లోపల కూర్చోబెట్టారు. వారం తిరక్కుండానే మళ్లీ వరండాలోకి మార్చారు. అడిగితే, "లోపల పిల్లల మాట అర్థం కావడం లేదమ్మా" అన్నారు. యంత్రాలు పాడయ్యాయేమోనని రెండుసార్లు చూపించుకున్నారు కూడా. యంత్రాలు బాగానే ఉన్నాయి.

నేను హాలు మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టాను. ఆ చప్పుడు ఆగిపోలేదు. కాసేపు గదిలో మోగుతూ ఉండిపోయింది. నున్నటి గ్రానైట్, బోసి గోడలు, పలుచటి రోలర్ తెరలు. గట్టి ఉపరితలం ధ్వనిని పీల్చుకోదు, వెనక్కి కొడుతుంది. మామూలు చెవి మాటనూ ప్రతిధ్వనినీ కొంతవరకు విడదీసుకుంటుంది. వినికిడి యంత్రం రెండింటినీ కలిపి పెద్దది చేసి లోపలికి పంపుతుంది. ఒక పిల్లవాడు "మూడు" అంటే, అది గదంతా తిరిగి వచ్చేలోపు ఇంకో పిల్లవాడు "ఆరు" అంటాడు.

అప్పుడు నాకు వెలిగింది. నేను అడ్డమనుకుని బయట పెట్టించిన పాత దివాన్ పరుపు, బియ్యం బస్తాలు, మందపాటి కర్టెన్లు, పేపర్ల కట్టలు ఆ గది ధ్వనిని పీల్చుకునేవి. సామాను తీసేటప్పుడు అది ఆక్రమించిన చోటు ఒక్కటే లెక్క వేశాను. అది చేస్తున్న పని లెక్క వేయలేదు.

రెండో విడత: బొట్టుబిళ్లల లెక్క

మొదటి విడత పని అయిన మూడు నెలలకు ఇల్లు ఎలా ఉందో చూద్దామని వెళ్లాను. చదువుకునే గదిలో కుర్చీ మీద బియ్యం బస్తా. భోజనాల బల్ల మీద జాడీలు. సోఫా వెనక గిన్నెల మూటలు. పిన్నిగారు నొచ్చుకుంటూ, "ఏమీ అనుకోకమ్మాయీ, మీరు ఇంత బాగా చేశారు, నేనే పాడుచేశాను" అన్నారు. ఆవిడ పాడుచేయలేదు. వస్తువులు వాటి చోటు వెతుక్కుంటూ తిరిగొచ్చాయి. ఆ మాట ఆవిడతో చెప్పాను. ఈసారి కొలతల పుస్తకం పట్టుకుని ఆవిడ దగ్గరే కూర్చున్నాను.

గిన్నెలతో మొదలుపెట్టాం. చిన్నా పెద్దా కలిపి 236. ఏవి వాడతారు, ఏవి వాడరు అని అడిగితే అన్నీ వాడతానంటారు. ఎవరైనా అంతే. అందుకని ప్రతి గిన్నె అడుగునా ఒక బొట్టుబిళ్ల అంటించాం. వాడి తోమితే అదే ఊడిపోతుంది. ఎవరూ రాసిపెట్టుకోనక్కర్లేదు. రెండు నెలల తర్వాత బిళ్ల ఊడినవి 58.

ఇక్కడ మామూలుగా మినిమలిజం పుస్తకాలు చెప్పేదాని ప్రకారం మిగతా 178 పంచేయాలి. అబ్బాయీ అదే అన్నాడు. నేను ఆగాను. రెండు నెలలు మన ఇళ్లకు సరైన కొలత కాదు. మన ఇల్లు ఉగాది నుంచి ఉగాదికి తిరుగుతుంది. మాస్టారి పాత డైరీలు తెప్పించి సంక్రాంతి, దసరా, వ్రతాలు, తద్దినాలు, మనవలు సెలవులకు వచ్చే రోజులు చూసుకుంటూ, ఏ రోజున ఏ గిన్నె దిగుతుందో పిన్నిగారితో చెప్పించాను. ఇంకో 61 తేలాయి. మిగిలినవి 117.

వాటిలో ఒక స్టీలు టిఫిన్ గిన్నె తీసి ఆవిడ నా చేతికిచ్చారు. అంచు కింద చుక్కలు చుక్కలుగా చెక్కిన అక్షరాలు. ఇచ్చినవారి పేరు, 1984, ఒక తేదీ. తోమి తోమి సగం అరిగాయి. వేలితో తడిమితే తెలుస్తున్నాయి గానీ కంటికి ఆనడం లేదు. "మా అక్క. పెళ్లికి ఇచ్చింది. మరుసటేడు పోయింది" అన్నారు. ఆ గిన్నె నలభై ఏళ్లలో ఎన్నిసార్లు వాడారన్న ప్రశ్నకు అర్థం లేదు. పేర్లున్న గిన్నెల్లో ఉంచుకోవలసినవి ఆవిడే ఎంచుకున్నారు, 40. మిగతా 77 ఎవరికివ్వాలో కూడా ఆవిడే నిర్ణయించారు. పనిమనిషి కూతురి పెళ్లికి ఒక వంటసామాను జత వెళ్లింది. పెద్ద గుండిగలు, గంగాళాలు గుడి అన్నదానానికి వెళ్లాయి. ఎవరూ బలవంతపెట్టలేదు. దేన్నీ పారేయనివ్వదని పేరు పడిన మనిషి నాలుగు రోజుల్లో మూడో వంతు సామాను ఇచ్చేశారు. పారేయడం ఆవిడకు చేతకాదు. ఇవ్వడం చేతనవును.

తిరిగి కట్టినవి

కొట్టుగదిని తిరిగి కొట్టుగది చేశాం. హాలు ఖాళీగా ఉండాలంటే ఇంట్లో ఎక్కడో ఒక గది నిండుగా ఉండాలి. ఆ నిండుదనానికి చోటు ఇవ్వకపోతే అది హాల్లోకే వస్తుంది. మళ్లీ కడప బండలే వేయించాను. చెదలు పట్టదు, బరువు ఆగుతుంది, నూనె ఒలికితే తుడుచుకోవచ్చు. కింది అర నేలకు ఆరంగుళాల ఎత్తులో, బస్తాల కింద గాలి ఆడేలా ఉంచాం. జాడీలు నడుము ఎత్తులో. ఏడాదికోసారి దిగేవి అటక మీద, ఒక్కో పెట్టె మీద పండగ పేరు రాసి. పేర్లున్న గిన్నెలు కంటి ఎత్తులో. ఆ అర ఎక్కడుండాలో నేను చెప్పలేదు.

పడకగది అల్మారా విప్పి, ముందు బయటి గోడ చీలికలు నింపించి, నీరు దిగని పూత వేయించాం. ఆ తర్వాత ఒక వాన చూసే దాకా ఆగాం. గోడ పొడిగా ఉందని తేలాకే, రెండంగుళాల సందు వదిలి, కింద కాళ్ల మీద నిలబెట్టి, కిందా పైనా గాలి రంధ్రాలతో ఐఎస్ 710 ముద్ర ఉన్న, నీటిని తట్టుకునే ప్లైవుడ్‌తో కట్టాం. మొదటిసారి ఖర్చు తగ్గుతుందని ఎండీఎఫ్ (చెక్కపీచు అదిమి చేసే పలక) వాడాను. చెమ్మ తగిలే గోడ దగ్గర అది ఉబ్బుతుంది, ఉబ్బింది కూడా. ఆ మార్పుకైన ఖర్చు నేనే భరించాను.

వంటింటి తలుపులకు పై అంచున నాలుగు వేళ్లు దూరేంత గాడి తీయించాను. ముందు నుంచి చూస్తే పిడి కనబడదు, చెయ్యి ఎలా ఉన్నా లాగొచ్చు. తెలుపు తీసేసి గంధం రంగు వేశాం. వంటగట్టు మీద, మాస్టారి బల్ల దగ్గర ఇంకాస్త తెల్లటి వెలుతురిచ్చే 4000 కెల్విన్ దీపాలు చేర్చాం. పసుపు వెలుతురులో బియ్యంలో రాళ్లు ఏరలేరు.

హాలు ధ్వని కోసం అదనపు వస్తువులు తెస్తే మళ్లీ నిండిపోతుంది. అందుకని ఉండాల్సిన వాటితోనే సరిపెట్టాం. పిల్లలు కూర్చోవడానికి ఎలాగూ ఏదో పరవాలి కాబట్టి మందపాటి నూలు జంపఖానాలు నాలుగు. పని అయ్యాక పిల్లలే చుట్టి మూలన నిలబెడతారు. రోలర్ తెరల స్థానంలో కుచ్చుళ్లు ఎక్కువగా ఉన్న చేనేత కర్టెన్లు. వెనక గోడకు నడుము ఎత్తులో పుస్తకాల అర, పుస్తకాలు ఎగుడుదిగుడుగానే. గోడ మీద ఒకే క్యాలెండరు. జంపఖానాలు పరిచి మళ్లీ చప్పట్లు కొట్టాను. చప్పుడు అక్కడే ఆగింది. మాస్టారు దూరంగా నిలబడి, "ఇంకోసారి కొట్టమ్మా" అన్నారు. కొట్టాను. తల ఊపి, సాయంత్రం పిల్లలను లోపలికి రమ్మన్నారు.

ఇప్పుడు నా పద్ధతిలో మారినవి

ఏ ఇంటికైనా ఇప్పుడు కొలతల టేపు తీయడానికి ముందు సరుకుల లెక్క అడుగుతున్నాను. బియ్యం బస్తాల్లో వస్తాయా, పొట్లాల్లోనా. పచ్చళ్లు పడతారా, కొంటారా. ఇంట్లో ఎక్కువ గంటలు ఉండే మనిషితో, మిగతావారు లేనప్పుడు, ఒక పూట గడుపుతున్నాను. డబ్బు పెట్టేవారి కోరిక కొట్టిపారేయను. అబ్బాయి భయం నిజం, మాస్టారు పడ్డది నిజం. కానీ ఇల్లు ఎలా కనబడాలన్నది అబ్బాయి చెప్పగలడు గానీ ఎలా నడవాలన్నది చెప్పలేడు. ఎండాకాలంలో పని మొదలైతే బయటి గోడలకు నీళ్లు కొట్టించి, మర్నాడు లోపల చెయ్యి పెట్టి చూస్తున్నాను. ఖాళీ చేసిన ప్రతి గదిలో చప్పట్లు కొడుతున్నాను.

పూర్తిగా తేలనిది ఒకటుంది. పూజగది. పటాలు అరవై దాకా ఉన్నాయి. ఎవరో ఇచ్చినవి, యాత్రల నుంచి తెచ్చినవి. తగ్గిద్దామని కోడలు, తాకొద్దని పిన్నిగారు. నేను ఆ గది తలుపు కూడా మార్చలేదు. అది వాళ్లిద్దరూ మాట్లాడుకోవలసిన సంగతి.

పని పూర్తయి పద్నాలుగు నెలలైంది. ఒక వానాకాలం గడిచింది, ఉత్తరపు గోడ పొడిగానే ఉంది. కిటికీ పక్క మూలలో మాత్రం అరచేతి వెడల్పున రంగు కొద్దిగా పొంగింది. పెన్సిలుతో దాని చుట్టూ గీత గీసి, తేదీ వేసి వచ్చాను. వచ్చే నవంబరులో మొదటి తుపాను వెలిశాక వెళ్లి, అది గీత దాటిందో లేదో చూడాలి.